కూలి ఇంటి బిడ్డ చట్టం చదివితే: శ్రీ దామోదరం సంజీవయ్యగారి ప్రజాజీవితం

కతార్ దేశపు ఉత్తరపు కొసన, సముద్రపుటొడ్డున, మదీనత్ అల్ షమాల్ అనే చిన్న పట్టణమున్నది. ఆ పేరుకు అర్థం ఉత్తర నగరమని. దోహా నుంచి అక్కడికి సుమారు నూరు కిలోమీటర్ల దారి. పక్కనే రువైస్ రేవు. మన మారిషస్ తెలుగు యువకుడొకరు అక్కడ ఉద్యోగం చేస్తూ ఇటీవల మాకు ఒక ఉత్తరం వ్రాశారు. ఆయన గదిలో నిజామాబాదు, కడప, కర్నూలు జిల్లాల నుంచి వచ్చిన తెలుగువారు ఉంటున్నారట. ఒకనాటి రాత్రి భోజనాలయ్యాక జీతాల మాట, కాంట్రాక్టు కాగితాల మాట వచ్చింది. కర్నూలు ఆయన నిట్టూర్చి, "మా సంజీవయ్యగారి లాంటివాడు ఒకడుంటే మన కాగితాలు వేరేగా ఉండేవి" అన్నారట. మన యువకునికి ఆ పేరు తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడి, మాకు వ్రాశారు: "అయ్యా, సంజీవయ్యగారెవరు? మా తాతగారి తాత వేలిముద్ర వేసిన కాగితానికీ, నేను సంతకం పెట్టిన కాగితానికీ ఆయనకూ ఏమిటి సంబంధం?"

ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. మనలో చాలామందికి ఆ పేరు తెలియదు. ఆ యువకుడు అడిగినది మనమందరం అడగవలసిన ప్రశ్న గనుక, ఆయనకు వ్రాసే జవాబును ఇక్కడ అందరికోసం వ్రాస్తున్నాము.

మన కాగితాల కథ

ముందు మన ఇంటి సంగతి చెప్పుకుందాము. మారిషస్ చెరకు తోటలకు ఒప్పందపు కూలీలను తీసుకురావడం 1834లో మొదలైంది. కోరంగి, కాకినాడ, విశాఖపట్నం ప్రాంతాల నుంచి మన తెలుగువారు వచ్చారు. 1843లో "కోరంగి పాకెట్" అనే ఓడలో వచ్చినవారిని మన పెద్దలు నేటికీ తలచుకుంటారు. కోరంగి రేవు పేరు మీదనే ఇక్కడివారు మనలను "కోరంగివాళ్లు" అన్నారు.

ఓడ ఎక్కిన ప్రతివానికీ ఒక ఒప్పందపు కాగితం, ఒక నంబరు ఉండేవి. ఆ కాగితాన్ని చదవగలిగినవారు బహు కొద్దిమంది. కాగితంలో ఇరుపక్షాలకూ బాధ్యతలుండేవి. కూలి పని చేయవలెను, యజమాని జీతము, తిండిగింజలు ఇవ్వవలెను. కాని అమలులోకి వచ్చేసరికి ఒక మాట మారిపోయేది. కూలికి "వలెను" అలాగే నిలిచేది. యజమానికి మాత్రం అది "వచ్చును" అయ్యేది. కూలి ఒకనాడు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. దీనినే "డబుల్ కట్" అన్నారు. జీతం నెలల తరబడి నిలిపిన యజమానిని అడిగేవాడు లేడు. 1867లో వచ్చిన చట్టం ప్రకారం, ఒప్పందం తీరిన పాత కూలీలు సైతం ఫోటో అంటించిన పాసు చేతపట్టుకొని తిరగవలసి వచ్చింది. అది లేనివానిని పోలీసులు పట్టుకునేవారు.

ఈ అన్యాయాన్ని ఎదిరించినవారు ఉన్నారు. 1871లో అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే దొర 9,401 మంది పాత కూలీల పేర్లతో గవర్నరుకు అర్జీ సమర్పించారు. దాని ఫలితంగా 1872లో ఇంగ్లండు నుంచి రాయల్ కమిషన్ వచ్చి విచారణ జరిపింది. 1907లో మణిలాల్ డాక్టర్ అనే గుజరాతీ న్యాయవాది ఇక్కడకు వచ్చి, కూలీల పక్షాన కోర్టులలో వాదించారు. వీరికి మనము ఎప్పటికీ ఋణపడి ఉన్నాము. అయితే ఒక విషయం గమనించాలి. వీరిద్దరూ కూలీల కోసం మాట్లాడినవారే గాని, కూలి ఇంట పుట్టినవారు కారు.

కూలి ఇంట పుట్టినవాడే చట్టం చదివి, చట్టసభలో కూర్చుని, చట్టం వ్రాయించే స్థానానికి వస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు మన తెలుగుదేశంలో దొరికే జవాబు శ్రీ సంజీవయ్యగారి జీవితం.

పుట్టుక, చదువు

శ్రీ దామోదరం సంజీవయ్యగారు 1921 ఫిబ్రవరి 14వ తేదీన కర్నూలు దగ్గర పెదపాడు గ్రామంలో జన్మించారు. తల్లి సుంకులమ్మ, తండ్రి మునయ్య. మాల కులానికి చెందిన పేద కుటుంబం. సొంత భూమి లేదు. నేత పని, కూలి పని చేసుకొని బ్రతికేవారు. బిడ్డ పుట్టిన కొద్దిరోజులకే తండ్రి కన్నుమూశారు. కొంతకాలం మేనమామగారి ఊరిలో పెరిగి, తిరిగి సొంత ఊరు చేరి, కర్నూలు పురపాలక ఉన్నత పాఠశాలలో చదివారు. తరువాత అనంతపురం దత్తమండల కళాశాలలో గణితశాస్త్రం చదివి 1942లో పట్టభద్రులయ్యారు.

అవి యుద్ధకాలపు రోజులు. బియ్యం, కిరసనాయిలు అన్నీ రేషను మీద ఇచ్చేవారు. పట్టభద్రుడైన సంజీవయ్యగారు మొదట రేషను ఆఫీసులో గుమాస్తాగా చేరారు. ఇంకా చిన్నాచితకా ఉద్యోగాలు చేశారు. ఆ ఉద్యోగాలతోనే తృప్తిపడి ఉంటే ఆ ఇంటికి అదే పెద్ద మేలు. కాని ఆయన మద్రాసు వెళ్లి లా కాలేజీలో చేరారు. ఖర్చులకు చాలక ఒక హైస్కూలులో పిల్లలకు లెక్కలు చెప్పి ఆ జీతంతో చదువు సాగించారు. 1948లో న్యాయశాస్త్ర పట్టా పొందారు. 1950లో న్యాయవాదిగా నమోదయ్యారు.

మన పెద్దలలో చాలామంది పగలు తోటలో పనిచేసి సాయంకాలపు పాఠశాలలో దీపం దగ్గర తెలుగు అక్షరాలు నేర్చుకున్నారు. ఆ కష్టం తెలిసిన ఇళ్లవారికి సంజీవయ్యగారి చదువు గురించి ఇంతకంటె చెప్పనవసరం లేదు.

శాసనసభలో

న్యాయవాదిగా నల్లకోటు తొడిగిన ఏడాదే, అంటే 1950లో, ఆయన ఢిల్లీలో తాత్కాలిక పార్లమెంటు సభ్యులయ్యారు. అప్పటికి భారత రాజ్యాంగం అమలులోకి వచ్చి కొద్దికాలమే అయింది. 1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో కర్నూలు జిల్లా నుంచి మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. శ్రీ రాజగోపాలాచారిగారు తమ మంత్రివర్గంలో ఆయనకు చోటిచ్చారు.

ఆనాటి ఎన్నికల పద్ధతి మన యువతకు వింతగా తోచవచ్చు. షెడ్యూల్డు కులాలకు కేటాయించిన స్థానాలలో చాలావాటిలో ఇద్దరేసి సభ్యులను ఎన్నుకునేవారు. ఒక స్థానం ఎవరికైనా, రెండవది షెడ్యూల్డు కులాలవారికి. ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు. 1961లో ఈ పద్ధతి తీసివేసి, ఒక నియోజకవర్గానికి ఒకే సభ్యుడని నిర్ణయించారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. శ్రీ ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో సంజీవయ్యగారు ఉన్నారు. 1955లో శ్రీ బెజవాడ గోపాలరెడ్డిగారి మంత్రివర్గంలో ఉన్నారు. 1956 నవంబరు 1న తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు శ్రీ నీలం సంజీవరెడ్డిగారి మంత్రివర్గంలోనూ ఉన్నారు. ముఖ్యమంత్రులు మారినా, రాష్ట్రపు సరిహద్దులే మారినా, ఈయన పని ఆగలేదు.

శాసనసభ్యునికి న్యాయశాస్త్రం ఎందుకని కొందరు అడుగుతారు. సభలో చట్టం ఒక బిల్లుగా వస్తుంది. దాని మీద ఉపన్యాసాలు ఎవరైనా చెప్పవచ్చు. కాని క్లాజు తరువాత క్లాజు చదివి, ఒక్కొక్క మాటను పట్టుకునే చోటనే అసలు పని ఉన్నది. "ఇవ్వవచ్చును" అని వ్రాస్తే అది దయ. "ఇవ్వవలెను" అని వ్రాస్తే అది హక్కు. "సాధ్యమైనంత వరకు" అనే రెండు మాటలు చేరిస్తే ఆ హక్కు మళ్లీ దయ అయిపోతుంది. బీదవాని బ్రతుకు ఇటువంటి చిన్న మాటల మీద ఆధారపడి ఉంటుంది. ఆ మాటలను చదవగలిగినవాడు ఆ బీదల ఇంటినుంచే రావడం వల్ల కలిగే మేలు మిగతా కథలో కనబడుతుంది.

ముఖ్యమంత్రిగా రెండేళ్లు

1960 జనవరి 11న శ్రీ సంజీవయ్యగారు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు నిండలేదు. యావద్భారతదేశంలో దళిత కుటుంబంలో పుట్టి ముఖ్యమంత్రి పదవిని అలంకరించినవారిలో ఆయనే ప్రథములు. 1962 మార్చి వరకు, అనగా రెండేళ్లకు పైచిలుకు, ఆ పదవిలో ఉన్నారు.

ఆ కొద్దికాలంలో జరిగిన పనులలో మూడింటిని చెప్పుకుందాము. మొదటిది, దిక్కులేని వృద్ధులకు పింఛను. రెండవది, 1961 జనవరిలో లంచగొండితనాన్ని విచారించడానికి అవినీతి నిరోధక శాఖ ఏర్పాటు. మూడవది, భూమిలేని పేదలకు ప్రభుత్వ బంజరు భూముల పంపకం. ఇది సుమారు ఆరు లక్షల ఎకరాలని చెబుతారు.

ఈ మూడవ పని మన మనసుకు మరీ దగ్గరగా తగులుతుంది. మన పూర్వులు ఊరు విడిచి ఓడ ఎక్కడానికి పెద్ద కారణం భూమి లేకపోవడం, కరువు, అప్పు. ఇక్కడ ఒప్పందం తీరాక వారిలో కొందరు పైసా పైసా కూడబెట్టి, తోటల యజమానులు ముక్కలు చేసి అమ్మిన నేలను కొన్నారు. ఒక ఎకరం చేతికి వస్తే మనిషి నడక మారుతుందని మన కుటుంబాలకు ఎవరూ చెప్పనవసరం లేదు.

అయితే నిజం మొత్తం చెప్పాలి. పట్టా ఇవ్వడం ఒకటి, ఆ భూమి పేదవాని చేతిలో నిలవడం మరొకటి. పెట్టుబడి లేక, నీరు లేక, అప్పు తీర్చలేక చాలామంది పేదలు తమకు వచ్చిన భూములను ఉన్నవారి చేతిలో పెట్టారు. అందుకే 1977లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇంకొక చట్టం చేయవలసి వచ్చింది. పేదలకిచ్చిన ప్రభుత్వ భూమిని కొనడం, అమ్మడం చెల్లదని ఆ చట్టం శాసించింది. ఒక చట్టం వదిలిన సందును మూయడానికి మరొక చట్టం కావలసివస్తుంది. కాపలా లేని హక్కు గట్టులేని చెరువు వంటిది.

ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు కూడా తల్లి సుంకులమ్మగారు పెదపాడులో మామూలు ఇంటిలోనే ఉండి, కట్టెల పొయ్యి మీద వంట చేసుకునేవారని ఆ ప్రాంతంవారు నేటికీ చెప్పుకుంటారు.

బోనసు చట్టం

1962లో శ్రీ సంజీవయ్యగారు అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. ఆ పదవి పొందిన మొదటి దళితుడు కూడా ఆయనే. 1964 జూన్‌లో శ్రీ లాల్ బహదూర్ శాస్త్రిగారి ప్రభుత్వంలో కేంద్ర కార్మిక శాఖ మంత్రి అయ్యారు. మదీనత్ అల్ షమాల్ లోని కర్నూలు ఆయన తలచుకున్నది బహుశా ఈ ఘట్టమే.

భారతదేశపు మిల్లులలో పండుగకో సంవత్సరాంతానికో కార్మికులకు బోనసు ఇచ్చే ఆచారం ఎప్పటినుంచో ఉన్నది. అయితే అది యజమాని దయాదాక్షిణ్యాల మీద ఉండేది. 1950లో బొంబాయి బట్టల మిల్లుల తగాదాలో అప్పటి కార్మిక అప్పీలు ట్రిబ్యునల్ ఒక లెక్క ఏర్పరచింది. లాభంలోనుంచి తరుగుదల, మరమ్మతులు, పెట్టుబడిపై వడ్డీ మొదలైనవి తీసివేయగా ఏమైనా మిగిలితేనే కార్మికునికి వాటా. మిగలలేదని లెక్క చూపడం యజమానులకు కష్టమా? తగాదాలు పెరిగాయి. 1961లో ప్రభుత్వం బోనసు కమిషన్ నియమించింది. ఆ కమిషన్ నివేదిక మీద చట్టం తెచ్చే బాధ్యత సంజీవయ్యగారి మీద పడింది. 1965 మే నెలలో ఆర్డినెన్సు, సెప్టెంబరులో బోనసు చెల్లింపు చట్టం వచ్చాయి.

చట్టంలోని సారాంశం ఇది. ఫ్యాక్టరీలలోను, ఇరవైమంది లేక అంతకుమించి పనిచేసే ఇతర సంస్థలలోను, నెలకు 1,600 రూపాయల వరకు జీతం తీసుకునేవారికి బోనసు ఇవ్వవలెను. ఏడాదిలో కనీసం ముప్పై రోజులు పనిచేసి ఉంటే చాలు. కనీస బోనసు ఏడాది జీతంలో 4 శాతం లేదా 40 రూపాయలు, ఏది ఎక్కువైతే అది. గరిష్ఠం 20 శాతం. ఆ సంవత్సరం లాభం వచ్చినా రాకపోయినా కనీస బోనసు ఇచ్చి తీరవలెను.

లెక్క వేసి చూద్దాము. నెలకు 75 రూపాయల కూలికి ఏడాది జీతం 900 రూపాయలు. అందులో 4 శాతం 36 రూపాయలు. ఇది 40 కంటె తక్కువ గనుక 40 రూపాయలే ఇవ్వాలి. నెలకు 100 రూపాయలవానికి ఏడాదికి 1,200. దానిలో 4 శాతం 48 రూపాయలు. లాభాలు బాగా వస్తే 240 రూపాయల వరకు రావచ్చు. మరీ తక్కువ జీతగాడు నష్టపోకుండా ఆ నలభై రూపాయల గీత పట్టుకున్నది చూడండి.

యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1966లో కోర్టు ఆ చట్టంలోని కొన్ని సెక్షన్లను కొట్టివేసింది. కనీస బోనసు మాత్రం నిలిచింది. తరువాతి కాలంలో ఆ 4 శాతం 8.33 శాతానికి పెరిగింది. ఈ వింత అంకె ఎక్కడిదని అడుగుతారేమో. నూటిని పన్నెండుతో భాగిస్తే వచ్చేది 8.33. అంటే పన్నెండు నెలల పనికి ఇంకొక నెల జీతం. మన మారిషస్‌లో డిసెంబరు నెలలో ఇంటింటా ఎదురుచూసే పదమూడో నెల జీతానికీ లెక్క అదే, ఏడాది సంపాదనలో పన్నెండవ వంతు. 1965 చట్టం ఇప్పుడు విడిగా లేదు. 2019లో చేసిన వేతనాల కోడ్‌లో కలిసిపోయింది. ఆ కోడ్ 2025 నవంబరులో అమలులోకి వచ్చింది. కనీస బోనసు అనే హక్కు మాత్రం కొత్త చట్టంలోనూ ఉన్నది.

యజమాని "ఇవ్వవచ్చును" అనే పాత ఆచారం ఈ విధంగా "ఇవ్వవలెను" అనే చట్టమైంది. మన పూర్వుల కాగితంలో కూలి పక్షాన నిలవని ఆ "వలెను" ఇక్కడ నిలిచింది.

శ్రీ సంజీవయ్యగారు 1970లో భారతదేశపు కార్మిక సమస్యల మీద ఒక గ్రంథం ప్రకటించారు. 1972 మే నెలలో, యాభై ఒక్క ఏళ్ల వయసులో, ఢిల్లీలో పరమపదించారు. హైదరాబాదులో హుస్సేన్‌సాగరం ఒడ్డున ఆయన పేర ఉద్యానవనం ఉన్నది. విశాఖపట్నంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. మన పూర్వులలో ఎందరో ఏ ప్రాంతం నుంచి చదవలేని కాగితంతో ఓడ ఎక్కారో, ఆ విశాఖలోనే నేడు తెలుగు పిల్లలు సంజీవయ్యగారి పేరున్న విశ్వవిద్యాలయంలో చట్టం చదువుకుంటున్నారు. ఈ సంగతి తెలిసినప్పుడు మాకు కన్నీరు ఆగలేదు.

మన యువకునికి జవాబు

సోదరా, నీ తాతగారి తాత కాగితానికీ నీ కాగితానికీ తేడా ఏమిటని అడిగావు. తేడా ఉన్నది. పెద్దాయన పని మానితే చెరసాల. పాసు లేకుండా తిరిగితే చెరసాల. నీవున్న కతార్‌లోనూ చాలాకాలం యజమాని అనుమతి పత్రం లేనిదే ఉద్యోగం మారడానికి వీలుండేది కాదు. 2020లో వచ్చిన 19వ నంబరు చట్టం ఆ నిబంధనను తొలగించింది. అదే ఏడు వచ్చిన 17వ నంబరు చట్టం అందరికీ కనీస వేతనం నెలకు 1,000 రియాళ్లని నిర్ణయించింది. యజమాని బస, భోజనం చూపకపోతే బసకు 500, భోజనానికి 300 అదనంగా ఇవ్వవలెను. ఇది 2021 మార్చి నుంచి అమలులో ఉన్నది. ఏడాది దాటి పనిచేసినవారికి, ఉద్యోగం విడిచేటప్పుడు ఏడాదికి కనీసం మూడు వారాల మూల వేతనం చొప్పున గ్రాట్యుటీ ఇవ్వవలెనని 2004 నాటి కార్మిక చట్టం చెబుతున్నది. ఇవి దయ కావు, "వలెను"లు.

కాని తేడా లేనిది కూడా ఒకటున్నది. నీవు సంతకం పెట్టిన కాగితంలో ఏమున్నదో నీవు పూర్తిగా చదివావా? ఉత్తరంలో నీవు ఆ మాట వ్రాయలేదు. చదవని సంతకానికీ వేలిముద్రకూ పెద్ద భేదం లేదు. నీ గదిలోని నలుగురూ ఒక సెలవునాడు కూర్చొని, ఇంగ్లీషు వచ్చినవారు చదువుతుండగా ప్రతి క్లాజునూ తెలుగులో చెప్పుకోండి. ఎక్కడ "వలెను" ఉన్నదో, ఎక్కడ "వచ్చును" ఉన్నదో గుర్తుపెట్టుకోండి. తెలియని చోట తెలిసినవారిని అడగండి.

మన సంఘాలలోని పెద్దలకు కూడా ఒక మనవి. సాయంకాలపు బడిలో మన పిల్లలకు పద్యాలు నేర్పుతున్నాము, రామభజన నేర్పుతున్నాము. అవి ఉండవలసినవే. వాటితోపాటు పెద్ద తరగతుల పిల్లలకు నెలకొకసారి ఒక జీతపు చీటీని, ఒక ఉద్యోగపు ఒప్పందాన్ని ముందుపెట్టి, అందులోని మాటలకు తెలుగు అర్థం చెప్పించరాదా? తెలుగు ఇంటి మాటగానే మిగిలిపోకుండా, హక్కు తెలిపే మాట కూడా అవుతుంది. అలా చదివిన పిల్లలలో ఒక్కరు న్యాయశాస్త్రం వైపు వెళ్లినా మన శ్రమ వృథా కాదు.

కర్నూలు ఆయన నిట్టూర్చి, "సంజీవయ్యగారి లాంటివాడు ఒకడుంటే" అన్నారు కదా. ఆయనకు మా నమస్కారాలు చెప్పు. పెదపాడులో సుంకులమ్మగారి బిడ్డ పుట్టినప్పుడు ఆ ఇంట కూడా అలాంటివాడు ఎవరూ లేరని చెప్పు.